అగాధ జలములలోని గృహిణి



నీళ్లు వడగట్టుట మనకు పుట్టినింటనే యలవడిన పని. బిందె మూతికి పలుచని తెల్లగుడ్డ కట్టి, చెరువునీరో బావినీరో దానిమీదుగా పోసి, గుడ్డపై నిలిచిన నలుసులను దులిపి పారవేయుట మన తల్లులును, వారి తల్లులును నిత్యము చేసినదే. కుళాయిలు వచ్చిన పిదప ఈ యాచారము పట్టణములలో సన్నగిల్లినను, మా పల్లెపట్టులలో నింకను పూర్తిగా మాసిపోలేదు. అయితే ఆ గుడ్డమీద నిలిచినదేమి యని తరచి చూచినవారు మనలో నెందరు? నేనును చూడలేదు. అది చూడదగిన వస్తువని నాకు తోచుటకు ముప్పది యేండ్లు దాటవలసి వచ్చినది.

క్రిందటి ఉభాల దినములలో మా పెద్దమ్మాయి ఇంటి వెనుకటి వరిమడినుండి చెంబెడు నీరు తెచ్చి వడగట్టినది. గుడ్డమీది నలుసులను తెల్లని పింగాణి పళ్లెములో కొంచెము నీట విదిలించి, తండ్రిగారు బడిపిల్లలకు చూపుటకుంచుకొన్న భూతద్దమును నా చేతికిచ్చి, "అమ్మా, ఈ గింజలను చూడు, ఇవి నడచుచున్నవి" అన్నది. చూచితిని. ఆవగింజకంటె చిన్నవి, రూపమున చిక్కుడుగింజను పోలినవి, నాలుగైదు కనబడినవి. గింజయైనచో నీటి యడుగున కదలక పడియుండవలయును గదా! ఇవి దొర్లుచు, తడబడుచు, పళ్లెమంతయు పరుగులిడుచున్నవి. వానిలో నొకటి యంచునకు వచ్చి నిలిచినది. దాని రెండు పప్పులును కొంచెము విచ్చుకొని, నడుమనుండి వెండ్రుకలవంటి కాళ్లు వెలికి వచ్చినవి. నేను పళ్లెమును కదపగనే కాళ్లు లోనికి పోయి, పప్పులు రెండును మూసికొనినవి.

ఇది చూచుచుండగా మా అత్తగారు, "పురుగును చూచి మురియుటకు నీకు పొద్దెక్కడిదే అమ్మాయీ? దానివలన ఇంటికేమి లాభము?" అని యడిగిరి. అప్పుడు నేను బదులు చెప్పలేకపోతిని. ఆ పిదప చదివి తెలిసికొన్న సంగతులను, ఆమెకు చెప్పవలసిన సమాధానమును, ఈ వ్యాసమున మీ యెదుట నుంచుచున్నాను.

ఈ జీవులకు ఆస్ట్రకోడులని పేరు. గ్రీకు భాషలో 'ఆస్ట్రకాన్' అనగా పెంకు. ప్రాచీనమైన ఏథెన్సు నగరమున, ఊరినుండి వెడలగొట్టదగినవాని పేరును పౌరులు కుండపెంకులమీద వ్రాసి వేయుచుండిరట. ఆ పెంకు పేరే యిది. ఒడలికి కుడియెడమల రెండు పెంకులు, వీపున నొకచో బంధింపబడి, పుస్తకపు అట్టలవలె తెరచుకొనుచు మూసికొనుచు నుండుటచే వీనికీ పేరు వచ్చినది. పైకి ఆలుచిప్పను పోలినను ఇవి ఆలుచిప్పకు చుట్టములు కావు. రొయ్యకును పీతకును చుట్టములు. ఆలుచిప్ప తన పెంకునే అంచులయందు పెంచుకొనుచు పోవును. ఆస్ట్రకోడు పీతవలె, ఒడలు పెరిగినప్పుడెల్ల పాతపెంకును విడిచి క్రొత్తదానిని కట్టుకొనును. రవిక బిగువైనచో కుట్టు విప్పి వెడల్పు చేసికొనువా రొకరు, దానిని విడిచి క్రొత్తది కుట్టుకొనువా రొకరు. ఆ రెండు జాతుల భేద మిట్టిదే.

ఆస్ట్రకోడులలో పెక్కింటి పొడవు ఒక మిల్లీమీటరునకు అటునిటు. చెరువులలో, వరిమళ్లలో, ఊటలలో, సముద్రతీరమున, సముద్రగర్భమున, మన బంగాళాఖాతపు నీటిలోను ఇవి గలవు. చెరువెండినప్పుడు వీనిలో కొన్ని జాతుల గ్రుడ్లు మట్టిలో నెండి పడియుండి, తొలకరి పడగనే పొదుగును. మగదాని యవసరమే లేక ఆడవియే సంతానమును కను జాతులును గలవు. రాళ్లలో నిలిచిన వీని పెంకుల వయస్సు 45 కోట్ల సంవత్సరములకు పైబడినది. భూమిపై మనుష్యుడు లేనినాడు, పుష్పించు చెట్టు లేనినాడు, పక్షి లేనినాడు ఇవి యున్నవి.

ఇంత చిన్న జాతిలో నొక పెద్ద కుటుంబిని గలదు. ఆమె మన మడిలో నుండునది కాదు. దక్షిణధ్రువమును చుట్టియున్న మంచుసముద్రమునను, అట్లాంటిక్ మహాసముద్రమునను, వందలకొలది మీటర్ల లోతున, సూర్యకాంతి చొరని చీకటిలో నుండునది. ఆమె పేరు జైగాంటోసైప్రిస్ ముల్లరీ. 'జైగాంటో' యనగా మహాకాయము గలది. 'సైప్రిస్' అనునది గ్రీకుల సౌందర్యదేవతకు గల నామములలో నొకటి. ఆమె కడలి నురుగున పుట్టినదని వారి పురాణము. మన లక్ష్మీదేవి పాలకడలిని పుట్టినట్లు. ఈ ప్రజాతిని మొదట 1895లో వర్ణించినవాడు ముల్లరు అను జర్మను శాస్త్రజ్ఞుడు. 1920లో స్వీడను దేశీయుడైన స్కోగ్స్‌బెర్గ్ అనునతడు ఇందలి యొక జాతికి ముల్లరు పేరు పెట్టెను. మహాకాయమనగా నెంత? గోళీకాయంత! ఈ ప్రజాతిలో మిక్కిలి పెద్దవి మూడు సెంటీమీటర్ల వరకు పెరుగును. ఒక మిల్లీమీటరు చుట్టములమధ్య గోళీకాయయే యేనుగు.

ఇంత దూరపు జీవిని వెదకి తెచ్చిన కథలో మన ప్రాంతపు పొరుగునకును కొంత పాలు గలదు. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట ప్రాంతములు 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు గంజాము జిల్లాలో చేరియుండెను. ఆ జిల్లా యుత్తరపు టంచున చిలక సరస్సు గలదు. కలకత్తా మ్యూజియములో జీవశాస్త్రజ్ఞులైన నెల్సన్ అన్నండేల్, స్టాన్లీ కెంప్ అనువా రిరువురు ఆ సరస్సులోని ప్రాణికోటిని పరిశీలించి, 1915 మొదలుకొని గ్రంథరూపమున ప్రకటింపజేసిరి. ఉప్పునీరును మంచినీరును కలిసెడి చోట నే ప్రాణి యెట్లు బ్రతుకునో వారు చిలక నీటిలో నేర్చికొనిరి. కెంప్ రొయ్యజాతులయందు నిపుణుడు. 1924లో అతడు ఇంగ్లండునకు పోయి, దక్షిణసముద్రములను పరిశోధించుటకై యేర్పడిన 'డిస్కవరీ' పరిశోధనలకు డైరెక్టరాయెను. చిలక యొడ్డున వలవేసిన చేయియే పిదప దక్షిణధ్రువ సముద్రమున వల వేయించినది.

ఆ దినములలో దక్షిణసముద్రమున తిమింగిలములను లెక్కకు మిక్కిలిగా చంపుచుండిరి. తిమింగిలమెక్కడ పుట్టును, ఏమి తినును, ఎచ్చటికి పోవును అనునది తెలియనిదే ఆ వేట కొక హద్దు నిర్ణయింప వీలు లేకుండెను. తిమింగిలపు నూనెపై వేసిన పన్ను సొమ్ముతోనే పరిశోధన ప్రారంభింపబడినది. 1901లో కట్టబడి, కాప్టెన్ స్కాటును దక్షిణధ్రువ ఖండమునకు గొనిపోయిన 'డిస్కవరీ' యను కొయ్య యోడయే 1925 మొదలు 1927 వరకు ఈ పనికి పోయినది. జీవశాస్త్రజ్ఞుడైన ఆలిస్టర్ హార్డీ యందుండెను.

వారు వాడిన వలలేవో తెలియునా? పిండిమరలలో గోధుమపిండి జల్లించుటకై నేయు సన్నని పట్టుగుడ్డను కొనివచ్చి, గరాటావలె కుట్టి, ఓడవెనుక లాగుచుండిరి. నీరు గుడ్డలోనుండి పోవును, ప్రాణులు నిలిచిపోవును. నిర్ణయించిన లోతున తెరచుటకును, మరల మూయుటకును ఏర్పాటులుండెను. హార్డీ యొక యంత్రమునే నిర్మించెను. అది యోడ వెంట నీటిలో నడచుచు, చుట్టచుట్టిన పట్టుగుడ్డను మెల్లమెల్లగా విప్పుచు, నీటిని వడగట్టుచు పోవును. ఇది యంతయు మన వడగుడ్డ పనియే గదా! భేదమేమన, మనము గుడ్డను దులిపి నీటిని దాచుకొందుము. వారు నీటిని విడిచి గుడ్డమీదిదానిని దాచుకొనిరి.

ఆ దాచినదానిని తీరుబడిగా పరిశీలించుటకు ఏండ్లు పట్టినవి. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడైన హెర్బర్ట్ గ్రేహం కానన్, జైగాంటోసైప్రిస్ ముల్లరీ దేహనిర్మాణమును వర్ణించుచు 1940లో, డిస్కవరీ నివేదికల 19వ సంపుటమున, గొప్ప వ్యాసమును ప్రకటించెను. అది యుద్ధకాలము. లోకమంతయు నొకరి నొకరు చంపుకొనుచున్న యేట, చీకటిసముద్రపు గోళీకాయంత ప్రాణి గుండె యెట్లున్నది, దవడ యెట్లున్నది యని యొక మనుష్యుడు పుటలకు పుటలు వ్రాసెను. ఇట్టి పరిశోధనలలో, భద్రపరచిన ప్రాణిని మైనములో నిలిపి, కాగితముకంటె పలుచని ముక్కలుగా వరుస తప్పక కోసి, ఒక్కొక్కదానిని సూక్ష్మదర్శనితో చూచి, బొమ్మ గీచి, ఆ బొమ్మలన్నింటిని మనస్సులో మరల పేర్చి పూర్ణరూపమును కట్టుకొందురు. దొండకాయను చక్రములుగా తరిగి, ఆ చక్రములనుబట్టి గింజ యెచ్చట నున్నదో చెప్పవలసి వచ్చినట్టిది ఆ పని. ఓపిక యెంత కావలయునో మనకు వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇక ఆమె యింటిలో ప్రవేశింతము.

ఇల్లు

మన మడిలోని ఆస్ట్రకోడు పెంకు సున్నముతో గట్టిపడినది. జైగాంటోసైప్రిస్ పెంకో పలుచనిది, మెత్తనిది, వెలుగు కొంత చొచ్చిపోవునది, లేత నారింజరంగు. రెండు పుటములును కలిసి యించుమించు బంతివలె గుండ్రముగా నుండును. అంతటి లోతున నింత పలుచని గోడలేమి యని సందేహము కలుగవచ్చును. సముద్రమున పది మీటర్లు దిగిన ప్రతిసారియు, మనపైనున్న గాలియంతటి యొత్తిడి మరియొకటి చేరును. వేయి మీటర్ల లోతున నది యించుమించు నూరు రెట్లగును. గాలి నిండిన డబ్బాను మూతబిగించి యంత లోతునకు దింపినచో నలిగిపోవును. నీరు నిండిన గుడ్డసంచిని దింపినచో నేమియు కాదు. ఈమె దేహమున గాలి లేదు. నీటివంటి రసమే యంతటను నిండియున్నది. కావున లోపలి యొత్తిడియు బయటి యొత్తిడియు సమానము. సున్నము బరువు గలది. అది యుండినచో నడిసముద్రమున తేలుట కష్టము. అడుగు కానరాని చోట కాపురము చేయుదానికి తేలిక యిల్లే మేలు.

రెండు పుటములను దగ్గరకు లాగి మూయుటకు నడుమ నొక కండర మడ్డముగా నున్నది. ముందువైపున పుటముల యంచున నొక గంటు గలదు. తలుపులు మూసియున్నను ఆ గంటునుండి ఈతకాళ్లను వెలికి చాపవచ్చును. వీధితలుపు గడియ తీయకయే కిటికీనుండి చేయి చాచి కూరగాయలు కొనునట్లని చెప్పవచ్చును.

చేతులు

ఈమెకు అవయవములు ఏడు జతలు. ఏ జత పని దానిదే. మొదటి జత చిన్న మీసములు. తాకుటకు, నీటిలోని వాసనవంటి గుణములను కనిపెట్టుటకు. రెండవ జత పెద్ద మీసములు. వానికి బలమైన కండరములు, కొసల దీర్ఘమైన రోమములు గలవు. ఇవియే తెడ్లు, వీనితోనే యీదును. మూడవది దవడజత; దానికి కాలువంటి కొమ్మ యొకటి పెరిగియుండి, ఎరను పట్టుటకు సాయపడును. నాలుగు, ఐదు, ఆరు జతలు నోటి చుట్టునుండి ఆహారమును పట్టుకొని, చీల్చి, నోటికి చేర్చును. అందు ఐదవ జతకు విసనకఱ్ఱవంటి పలుచని పలక గలదు. దానియంచున దువ్వెనవలె రోమములు. అది యాడుచుండుటచే పెంకు లోపల నీరు నిలువక ప్రవహించుచుండును. ఊపిరికి కావలసిన ప్రాణవాయువు ఆ నీటినుండియే, పెంకు లోపలి పొరద్వారా, చర్మముద్వారా లభించును.

చిట్టచివర, పొట్ట క్రింద, గోళ్లతో కూడిన రెండు పలకలు గలవు. ఇవి యొడలి తుది భాగము గాని కాళ్లు కావు. ఏడవ జత సంగతి పిదప చెప్పెదను.

ఈమె యాహారము చిన్న ప్రాణులు. రొయ్యజాతికే చెందిన కోపిపాడులు, గాజుపుల్లలవంటి బాణపురుగులు, చిన్న చేపపిల్లలు. కావున ఈ గుండ్రని సాధ్వి వేటకత్తెయే, శాకాహారిణి గాదు!

వీపువైపున హృదయ మున్నది. ఇది గమనింపదగిన సంగతి. మన మడిలోని ఆస్ట్రకోడులకు హృదయమే లేదు; అంత చిన్న దేహమున రసము దానంతట నదియే కదలాడును. వెలుపలి పెంకును చూచి రెండును ఒకటే యనుకొన్నచో పొరపడుదుము. విప్పి చూచినగాని చుట్టరికపు దూరము తెలియదు. దేహనిర్మాణ శాస్త్రమున కిదియే ప్రయోజనము.

కన్నులు

ఈమె రూపమున నందరిని ఆశ్చర్యపరచినవి కన్నులు. ముందుభాగమున, పెంకులోని పారదర్శకమైన చోట వెనుక, రెండు పెద్ద మెరయు పళ్లెములు కనబడును. హార్డీ వీనిని మోటారుకారు ముందుదీపములతో పోల్చెను.

మన కంటిలో కటకమున్నది. అది వెలుగును కూర్చి లోపలి తెరపై బొమ్మ వేయును. ఈమె కంటిలో కటకము లేదు. దానికి బదులు అద్దమున్నది. వెనుకటి దినములలో మన యిండ్ల గోడదీపముల వెనుక తళతళలాడు తగరపు రేకు నొకదానిని వంచి బిగించెడివారు. దీపపు వెలుగు గోడకు పోక గదిలోనికి మరలుటకది యుపాయము. ఈమె కంటి వెనుక నున్నదియు నట్టి వంపురేకే; కాని పని తలక్రిందులు. అది వెలుగును బయటికి పంపదు. బయటినుండి వచ్చిన కొద్దిపాటి మినుకును అంతటిని పట్టి, తనముందున్న చూపుపొరపైకి మరలించును. ఆ వంపు యే గణితరేఖ ననుసరించునో, వెలుగెచ్చట కూడునో బ్రిటిషు శాస్త్రజ్ఞుడు మైకేల్ లాండ్ పరిశోధించి 1978లో వివరించెను. ఒక దిక్కున చూచిన నది పరావలయపు వంపు. మరియొక దిక్కున వృత్తమునకు దగ్గర వంపు. ఇట్టి యద్దము వెలుగును మెండుగా పట్టగలదు గాని, స్పష్టమైన బొమ్మను కట్టలేదు.

సూదిలో దారమెక్కించు చూపు కాదది. చీకటి గదిలోనికెవరో వచ్చిరని కనిపెట్టు చూపు. వేయి మీటర్లు దాటిన లోతున సూర్యుని వెలుగుండదు. అక్కడ వెలిగెడిది ప్రాణులే. చేపయో, రొయ్యయో తన దేహమున పుట్టించిన మినుకు క్షణకాలము మెరసి ఆరును. ఆ క్షణమును పోగొట్టుకొనకుండుటకే యింతింత కన్నులు. బొమ్మ యెంత చక్కగా నున్నదని కాదు, వెలుగు కొంచెమైనను చిక్కినదా యని యీమె విచారము.

పురిటిగది

ఇప్పుడు ఏడవ జత. ఇది కాళ్లవలె నుండదు. పొడవైన రెండు వానపాములవలె, సన్నని కట్టులు కట్టులుగా నుండి, ఎటు పడిన నటు వంగును. కొసన రోమములు బుడ్డికడుగు కుంచెవలె నిలిచియుండును. ఈదుటకు కాదు, పట్టుటకు కాదు, తినుటకు కాదు. మరి యెందులకు?

ఆస్ట్రకోడు వీపునకును పెంకునకును నడుమ కొంత ఖాళీ జాగా గలదు. తల్లి తన గ్రుడ్లను నీటిలో విడిచిపెట్టక ఆ జాగాలో నుంచుకొనును. అదియే పురిటిగది. గ్రుడ్లు పొదిగి, పిల్లలు తల్లి రూపునే పొంది, చిన్న చిన్న పెంకులతో వెడలిపోవువరకు వానిని వీపుననే మోయును. అంతకాలమును ఆ గదిలోనికి మురికి చేరరాదు; బూజు పట్టరాదు. ఆ ఏడవ జత వీపుమీదుగా వంగి, ఆ గదియంతయు తడుముచు, తుడుచుచు నుండును. ఇల్లు తుడుచుటకే, పిల్లల గదిని శుభ్రముగా నుంచుటకే, ప్రకృతి యీమెకు వేరుగా నొక జత చేతులిచ్చినది. మన మడిలోని సైప్రిస్ కుటుంబపు ఆస్ట్రకోడులకును చిట్టచివరి కాళ్లజత వీపువైపు మడిగి, పెంకు లోపల శుభ్రపరచుటకే యుపయోగపడును. హృదయము లేకపోయినను, కన్నులట్టివి కాకపోయినను, ఈ యొక్క పనిలో దగ్గరి చుట్టములే!

ఈ మాతృధర్మ మెంత పురాతనమో 2014లో తెలియవచ్చినది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు రాతిపొరలలో దొరకిన 45 కోట్ల యేండ్లనాటి ఆస్ట్రకోడు పెంకులలో, గ్రుడ్లతో సహా తల్లి రాయియై నిలిచియుండుట కనుగొనిరి. దానికి రోమనుల ప్రసవదేవతయైన లూసీనా పేరు కలియునట్లు లుప్రిస్కా అని నామకరణము చేసిరి. ఆ తల్లులు మృతినొందునప్పుడును గ్రుడ్లను విడువలేదు.

ఇంటికేమి లాభము?

అత్తగారి ప్రశ్నకిప్పుడు వత్తును. లాభమని యడిగినచో ముందు వడగుడ్డ సంగతియే చెప్పవలయును. మన పెద్దలు నారికురుపు పేరు విన్నంతనే వణకెడివారు. కాలినుండి మూరెడు పొడవు పురుగు వెలువడుచు, మనిషిని నెలలకొలది మంచమున పడవేయు నా వ్యాధికి మూలమేమి? సైక్లాప్సు అను చిన్న నీటిప్రాణి. అదియు రొయ్యజాతిదే; ఆస్ట్రకోడుకు దూరపు చుట్టమే. ఆ ప్రాణి కడుపులో వ్యాధిపురుగు పిల్లలుండును. వడగట్టని నీటితో దానిని మ్రింగినవారికి వ్యాధి యంటును. ఈ సంగతి తెలిసిన పిదపనే మందుకంటె గుడ్డ గొప్పదని తేలినది. సన్నని నేత గుడ్డతో నీటిని వడగట్టుటయు, దిగుడు బావులను మాన్పించుటయు ముఖ్యసాధనములుగా దేశమంతట ప్రయత్నము సాగినది. 1996లో కనబడిన రోగి పిదప మన దేశమున మరి యెవ్వరికి నీ వ్యాధి రాలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు నారికురుపు తొలగినదని ధ్రువపత్ర మిచ్చినది. గుడ్డ పట్టుకొన్న చేతులు మనవి. గుడ్డమీద నిలిచినదేదో చూచి చెప్పిన కన్నులు శాస్త్రజ్ఞులవి. ఈ రెండును ఒక్కరికే యేల యుండరాదు?

అయితే జైగాంటోసైప్రిస్ వలన నింటికి గాని, వంటకు గాని ఎట్టి లాభమును లేదు. ఆ సంగతిని నేను దాచను. దానిని తెలిసికొనుట తెలిసికొనుటకే. మన పెద్దలు పురాణము వినునప్పుడు లాభ మడిగిరా? సముద్రమును రత్నాకరమని పిలిచిన జాతి మనది. ఆ రత్నములలో నొకదానిని విప్పి చూచిన మాత్రమున మనకు తక్కువేమియు రాదు.

మరియొక మాట. మా పెద్దమ్మాయి కళాశాలలో జంతుశాస్త్రము చదువుదునని చెప్పినది మొదలు, "ఆడపిల్ల పురుగులను కోసి చూచుట యేమి? సముద్రములమీద తిరుగు చదువులు మగవారివి" అని బంధువులలో కొందరనుచున్నారు. వారికి నేను చెప్పునది యింతియే. 1983వ సంవత్సరము డిసెంబరులో బయలుదేరిన భారతదేశపు మూడవ అంటార్కిటికా యాత్రలో, సముద్రశాస్త్రజ్ఞురాలు అదితి పంత్, భూగర్భశాస్త్రజ్ఞురాలు సుదీప్తా సేన్‌గుప్తా ఆ మంచునేలపై కాలుమోపిరి. జైగాంటోసైప్రిస్ కాపురముండు సముద్రమును దాటియే వారు పోయిరి. ఇక కోయుట సంగతి. దినమున కెన్నిసార్లు మనము కత్తిపీటముందు కూర్చుందుమో, చేప కడుపు చీల్చి లోపలిదానిని వేరుచేయునది మన మత్స్యకారుల యింటి యాడువారు కాక మరెవ్వరో, ఆలోచింపుడు. చేతి కలవాటైన పనియే. చూచునప్పుడు పేర్లు తెలిసియుండుట యొక్కటే క్రొత్త.

చూడగోరువారికి నేను చేసిన పద్ధతి చెప్పెదను. వానకాలమున చెరువు గట్టునుండిగాని, నీరు నిలిచిన మడినుండిగాని, గడ్డిమొదళ్లను కొంచెము కదపి చెంబెడు నీరు తీసికొనుడు. ఎరువుగాని పురుగుమందుగాని చల్లిన మడి జోలికి పోకుడు. పాత పంచెగుడ్డతో వడగట్టి, గుడ్డను తెల్లని పళ్లెమున తిరగవేసి విదిలింపుడు. పళ్లెమును వెలుగుచోట నుంచి, పావుగంట కదపక విడువుడు. నలుసు లడుగునకు దిగును; బ్రతికినవి కదలును. గింజవలె నుండి పరుగెత్తునది ఆస్ట్రకోడు; చిన్న తోకతో కుదుపులు కుదుపులుగా నెగురునది సైక్లాప్సు. పది పండ్రెండు రూకల భూతద్దము కాలము పోయినది గాని, ఏ పుస్తకముల యంగడిలోనైనను నేటికిని చౌకగానే లభించును. చూచుట ముగిసిన పిదప నీటిని తెచ్చినచోటనే పోసి, చేతులు సబ్బుతో కడుగుకొనుడు. త్రాగునీటిని వడగట్టినంతమాత్రమున విడువక కాచుటయు మరువకుడు.

మొన్న సాయంకాలము నేను పళ్లెము ముందు కూర్చుండియుండగా మా అత్తగారు వచ్చి, కొంతసేపు వెనుక నిలిచి, "ఏదీ, ఆ అద్ద మిటు తే" అనిరి. చాలసేపు చూచిరి. "ఇన్నేండ్లు దులిపి పారవేసినది వీనినా?" అని యడిగిరి. అవునంటిని. ఆమె పళ్లెమును తానే యెత్తుకొని, ఒలకకుండ నడచిపోయి, మడిలో వంచి వచ్చిరి. అమ్మాయి చదువు మాట ఆ రాత్రి ఇంట మరల వచ్చినప్పుడు ఆమె అడ్డు చెప్పలేదు.